ముందు సీటు

పొద్దున్న పది గంటలు కాగానే ఆ చప్పుడు మొదలవుతుంది. ముందు రెండు మూడు దగ్గులు, తరవాత ఒక తుమ్ము, ఆపైన గంటసేపు ఏకధాటిగా హోరు. మన ఊళ్ళో అయితే పిండిమర అనుకుని వూరుకుందును. కాని ఇది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం. మా అబ్బాయి ఇల్లు వూరి చివర, మొక్కజొన్న చేలని ఆనుకుని వుంది. వేసవి నాలుగు నెలలూ వాళ్ళ దగ్గర గడుపుదామని నేనూ మా ఆవిడా వచ్చాం. కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్ళిపోతే మాకు మిగిలేది గోడ గడియారమూ, ఈ చప్పుడూను.

నాలుగో రోజున వుండబట్టలేక, చప్పుడు వెతుక్కుంటూ బయల్దేరాను. మూడిళ్ళ అవతల ఒక పెద్ద షెడ్డు. దాని వెనక నేలలో కాంక్రీటు పోసి బిగించిన ఇనప చట్రం. చట్రం మీద ఓ పాత కారు ఇంజను. ఇంజను కొసకి ఆరడుగుల పైచిలుకు పొడవున్న కర్ర ప్రొపెల్లరు, కంటికి కనిపించనంత జోరుగా తిరుగుతోంది. నా యీడువాడే ఒకాయన, చేతుల నిండా నూనెతో, ఎదురుగా వున్న మూడు గడియారాల్లాంటి గేజీలు చూస్తూ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. నన్ను చూడగానే కంగారుగా చెయ్యి వూపి, చుట్టూ తిరిగి తన వెనక్కి రమ్మన్నాడు. ఎందుకో తరవాత చెప్పాడు. ప్రొపెల్లరు తిరిగే వరసలో మనిషన్నవాడు నిలబడకూడదట. అది విరిగితే ముక్కలు ఆ వరసలోనే ఎగురుతాయి. మన మర్యాదలో చెప్పాలంటే, అతిథిని కూచోబెట్టే చోటు చూసి మరీ కూచోబెట్టాడన్నమాట.

ఆ ఇంజను ఫోర్డు మోడల్ ఏ కారుది. 1927 చివరలో మొదలుపెట్టి 1932 తొలినాళ్ళ దాకా ఫోర్డు కంపెనీ ఆ కార్లు దాదాపు 48 లక్షలు చేసింది. నాలుగు సిలిండర్లు, మూడుంబాతిక లీటర్లు, 40 గుర్రాల బలం. అంటే మా అబ్బాయి కారు బలంలో పావు వంతు కూడా వుండదు. తొంభై ఏళ్ళు దాటిన ఆ ముసలి ఇంజనును, తన చేతుల్తో తాను కట్టుకుంటున్న చెక్క విమానానికి తగిలించి ఎగురుతాడట ఈయన.

సంగతి విని మా ఆవిడ, "ఆయనకి పెళ్ళాం బిడ్డలు లేరా?" అన్నది. వున్నారు. పెళ్ళామే ఆ విమానం రెక్కలకి గుడ్డ బిగించింది.

ఇదేదో ఈయన ఒక్కడి పిచ్చి అనుకునేరు. ఇదే రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అని ఒక పల్లె వుంది. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన (1901–1984) వుండేవాడు. విమానవిద్య ఏ కాలేజీలోనూ చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. అసలు విమానపు ఇంజను కొనాలంటే సామాన్యుడి తరం కాదు. కారు ఇంజను అయితే పాత ఇనుములో దొరుకుతుంది. ముందు మోడల్ టీ ఇంజనుతో ప్రయత్నిస్తే దానికి శక్తి చాల్లేదు. 1929లో మోడల్ ఏ ఇంజను పెట్టాడు, ఎగిరింది. ఆ విమానానికి ఎయిర్ కాంపర్ అని పేరు. కారు ఇంజను విమానానికి పనికిరాదని ఒక పత్రిక సంపాదకుడు రాస్తే, 1930లో రెండు విమానాలు మినియాపొలిస్ దాకా ఎగరేసుకుపోయి చూపించాడు. చివరికి ఆ పత్రికవాళ్ళే ఆ విమానం నమూనాలు అచ్చువేశారు. ఆ నమూనాలు చూసుకుని ఇవాళ్టికీ కట్టేవాళ్ళున్నారు. పక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రంలో బ్రాడ్‌హెడ్ అనే వూళ్ళో ఏటా జూలైలో వాళ్ళంతా కలుసుకుంటారు.

సరే, ఎగిరితే ఎగరనీండి. ఈ చట్రం మీద బిగించి రోజూ గంటలకొద్దీ తిప్పడమెందుకు? అదే అడిగాను. ఆయన చెప్పిన సమాధానం నా మాటల్లో చెబుతాను.

కారు ఇంజనుకీ విమానం ఇంజనుకీ వున్న తేడా బలంలో కాదు, విశ్రాంతిలో వుంది. కారు ఇంజను సుఖజీవి. ఎర్రదీపం దగ్గర ఆగుతుంది, పల్లంలో జారుతుంది, చదును రోడ్డు మీద తన బలంలో కొద్దిపాటితోనే పని గడుపుకుంటుంది. విమానంలో అలా కాదు. నేల విడిచేటప్పుడు వున్న బలమంతా పెట్టాలి. ఆ తరవాత గంటల తరబడి ముప్పాతిక బలంతో తెరిపి లేకుండా లాగాలి. రెండో సంగతి, కారులో క్రాంక్ షాఫ్టు తిరగడమే గాని ఎవరూ దాన్ని పట్టుకుని ముందుకి లాగరు. విమానంలో ప్రొపెల్లరు లాగే లాగుడంతా దాని మీదే పడుతుంది. పుట్టుకలో లేని బరువు నెత్తిన పెట్టినప్పుడు మొయ్యగలవా అని ముందుగా అడిగి తెలుసుకోవాలి గదా. అడిగే చోటు నేల మీద అయితే మంచిది. కారు ఆగిపోతే రోడ్డు పక్కకి తోస్తాం. విమానం ఆగిపోతే రాయిలా పడిపోదు, జారుతూ దిగుతుంది. కాని దిగడానికి పొలం ఎక్కడుందో వెతుక్కోవడానికి నిమిషాల లెక్కే వ్యవధి.

ఇంతవరకూ నాకు అర్థమైంది. కుండ కొనేముందు వేలితో కొట్టి చూడమూ? సంతలో ఎద్దుని పళ్ళు చూసి వదిలిపెట్టక, కాడి కట్టి బరువు లాగించి చూడమూ? ఇదీ అంతే. చట్రం మీద యాభై గంటలు తిప్పాలని ఆయన నియమం పెట్టుకున్నాడు. పది నిమిషాలకోసారి ఆయిల్ ప్రెషరూ, నీళ్ళ వేడీ, నిమిషానికెన్ని చుట్లో రాసుకోవాలి. ప్రతి అయిదు గంటలకీ ఆయిలు దింపి చూడాలి.

ఇరవయ్యో గంట దాటాక ఒక రోజు చప్పుడు వినపడలేదు. వెళ్ళి చూద్దును గదా, ఇంజను విప్పి బల్ల మీద పరిచాడు. దింపిన ఆయిల్లో బూడిదరంగు మెరుపు కనిపించిందట. పసుపుకొమ్ము మీద కుంకం రేణువంత. చప్పుడులో తేడా లేదు, గేజీల్లో తేడా లేదు. నేనైతే ఆ ఆయిలు చూసీ చూడనట్టు పారబోద్దును. ఆయన విప్పాడు. విప్పితే ఒక బేరింగులో పోసిన మెత్తటి తెల్లలోహం బీట తీసి వుంది. పాతకాలపు ఇంజన్లలో ఇప్పటిలా మార్చుకునే రేకులుండవు. ఆ లోహం కరిగించి పొయ్యాలి, చల్లారాక కొలతకి చెక్కాలి. నెలరోజుల పని.

"పోనీలెండి, ఇరవై గంటలు అయ్యాయిగా, బేరింగు వేసి అక్కణ్ణించి లెక్కపెట్టుకోవచ్చు" అన్నాను, ఓదార్పుగా.

"ఆ ఇరవై గంటలు పాత బేరింగువి. కొత్తదాని వయసు సున్న" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పరీక్ష అనేది అసలేం చెబుతుంది? అన్నం వుడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే, కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద, ఒకే సేపు వున్నాయి గనక. గంటలు మెతుకులు కావు. మొదటి గంట కొత్త బేరింగుది, యాభయ్యో గంట అరిగిన బేరింగుది. యాభై బాగా గడిచాయి గనక యాభై ఒకటోది కూడా గడుస్తుందని ఏ శాస్త్రమూ చేతిలో చెయ్యి వేసి చెప్పలేదు. పైగా మెతుకు నలిపితే అన్నం పాడైపోదు. ఇంజను తిప్పితే అరుగుతుంది. అగ్గిపుల్లలు మంచివో కావో చూడమంటే, ఒక్కొక్కటీ గీసి చూసి, వెలిగినవన్నీ జాగ్రత్తగా పెట్టెలో దాచిన తెలివైనవాడి కథ మీరు వినే వుంటారు. ప్రతి పరీక్షలోనూ ఆ తెలివి కొంత వుంది.

పెద్ద కంపెనీలవాళ్ళయినా దీన్ని తప్పించుకోలేరు. అమెరికాలో కొత్తరకం విమానపు ఇంజనుకి ప్రభుత్వం ఆమోదం కావాలంటే నూటయాభై గంటల ఓర్పు పరీక్ష జరగాలి. ఆపైన విప్పి ప్రతి భాగమూ చూడాలి. మరి మనం కొనేది ఆ పరీక్ష పడ్డ ఇంజనా? కాదు, దాని తోబుట్టువు. కొద్దిసేపు తిప్పి చూసి పంపిస్తారనుకోండి, అయినా అన్నయ్య బుద్ధిమంతుడు గనక తమ్ముడూ బుద్ధిమంతుడే అన్న నమ్మకం అది. నమ్మకంలో చోటు మారిందే గాని నమ్మకం పోలేదు.

అయితే పరీక్ష ఎందుకూ కొరగాదా? అలా అంటే రైటు సోదరులు ఒప్పుకోరు. వాళ్ళ ఇంజనుని చార్లీ టేలర్ అనే మెకానిక్కు డేటన్ నగరంలో సైకిలు షాపులో ఆరు వారాల్లో తయారుచేశాడు. 1903 ఫిబ్రవరిలో షాపులోనే తిప్పి చూస్తుంటే రెండో రోజున పెట్రోలు చుక్కలు పడి బేరింగులు పట్టేశాయి, ఇంజను ఒళ్ళు పగిలింది. మళ్ళీ పోత పోయించి కొత్తది చేసుకోవలసి వచ్చింది. ఆ ఏడు నవంబరులో, ఎగరబోయే చోటికి చేరాక, ప్రొపెల్లరు షాఫ్టులు పరీక్షల్లోనే దెబ్బతిన్నాయి. ఓర్విల్ రైలెక్కి ఇంటికి పోయి కొత్తవి చేసుకుని తెచ్చాడు. డిసెంబరు 17న వాళ్ళు ఎగరడం లోకమంతా చెప్పుకుంటుంది. ఫిబ్రవరిలో పగలడాన్ని ఎవరూ చెప్పుకోరు. కాని పగలవలసింది నేల మీద పగిలింది గనకనే డిసెంబరు వచ్చింది.

నాకు తోచిందేమిటంటే, పరీక్ష "నమ్ము" అని ఎప్పుడూ చెప్పదు. "నమ్మకు" అని మాత్రం కచ్చితంగా చెప్పగలదు. కాబట్టి ఆ రెండో మాట వినడానికి సిద్ధపడని వాడికి పరీక్ష చేసే అర్హత లేదు. ఇది ఇంజన్ల సంగతి కాదు, మనుషుల సంగతి.

వినడానికి సిద్ధపడని వాళ్ళు రెండు రకాలు. ఒకరకం వాళ్ళకి సమాధానం అవును అనే రావాలి. కాకిపిల్ల కాకికి ముద్దు. తన చేత్తో చేసిన ఇంజను కొంచెం నలత చూపిస్తే, "ఇవాళ చలి ఎక్కువగా వుంది" అంటారు, "గేజీ సరిగ్గా లేదేమో" అంటారు. రెండోరకం వాళ్ళకి ఏ సమాధానమూ చాలదు. సీతమ్మ తల్లిని లంకలో అగ్గిలో దూకించారు. సాక్షాత్తూ అగ్నిహోత్రుడే వచ్చి సాక్ష్యం చెప్పాడు. తీరా అయోధ్యకి వచ్చాక, ఎవడో ఏదో అన్నాడని మళ్ళీ అడవికి పంపేశారు. అగ్ని చెప్పినా చాలనప్పుడు అసలు అగ్గెందుకు రాజెయ్యాలి? ఆ తల్లి ఆఖరికి ఇంకో పరీక్షకి నిలబడకుండా భూమిలోకి వెళ్ళిపోయిందంటే తప్పు పరీక్ష పడ్డవాళ్ళది కాదు.

ఈ రెండు రకాల్లో పడకుండా వుండటమెలాగో ఆ షెడ్డులో చూశాను. ఆయన నోటుపుస్తకం మొదటి పేజీలో, ఇంజను ఒక్కసారైనా తిప్పకముందే, నాలుగు వాక్యాలు రాసి పెట్టుకున్నాడు. ఆయిల్లో లోహం కనిపిస్తే విప్పాలి. ప్రెషరు ఫలానా అంకె కంటే తగ్గితే విప్పాలి. ఏది విప్పినా లెక్క సున్న నుంచి. యాభై పూర్తయితే ఇక అనుమానాలు పెంచుకోకుండా చట్రం మీంచి దింపాలి. దేనికి వదులుకోవాలో, దేనికి ఒప్పుకోవాలో ముందే రాసుకున్నాడు. ఇంజను మీద మమకారం పెరగకముందు, సున్న గంటలప్పటి మనిషి రాసిన తీర్పును, ఇరవై గంటలప్పటి మనిషి తలవంచి అమలు చేశాడు. ధర్మం అంటే ఇదే కాబోలు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఇదంతా పరాయివాడి మంచితనం చూసి చప్పట్లు కొట్టడమే అవుతుంది.

1979లో నేనొక సెకండ్ హాండు స్కూటరు కొన్నాను. అమ్మినాయన, "బ్రేకులు చూసుకోండి" అన్నాడు. మా వీధిలో, చదును నేల మీద, మెల్లగా నడిపి మూడుసార్లు నొక్కాను. రెండుసార్లు బాగానే పట్టింది. మూడోసారి కొంచెం జారినట్టనిపించింది. నాలుగోసారి నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటారా, స్కూటరు రంగు నాకు బాగా నచ్చింది. ఆ ఆదివారమే మా ఆవిడని వెనక కూచోబెట్టుకుని సింహాచలం కొండెక్కాను. దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు రెండో మలుపులో బ్రేకు పట్టలేదు. దేవుడి దయవల్ల గోడని రాసుకుంటూ పోయి ఆగాం. నాకేమీ కాలేదు. ఆవిడ మోచెయ్యి మాత్రం చర్మం లేచిపోయింది, ఆ మచ్చ ఇవాళ్టికీ వుంది. రోడ్డు పక్కన కూచుని చీర చెంగుతో రక్తం అద్దుకుంటూ ఒక్క మాటే అడిగింది:

"బ్రేకు సరిగ్గా లేదని మీకు ముందే తెలుసా?"

"లేదు" అన్నాను. అబద్ధం కూడా కాదు, తెలుసని చెప్పలేను గదా. తెలియకుండా జాగ్రత్తపడ్డాను, అంతే.

ఒంటరిగా ప్రమాదంలోకి వెళ్ళేవాడి సంగతి వేరు. వాడి ప్రాణం, వాడిష్టం. వాడిది సాహసమో మూర్ఖత్వమో లోకం తరవాత తేలుస్తుంది. కాని వాహనానికి రెండో సీటు వున్న క్షణంనుంచీ లెక్క మారిపోతుంది. ఎయిర్ కాంపర్‌కి రెండు సీట్లున్నాయి. నడిపేవాడు వెనక కూచుంటాడు. ముందు సీట్లో, ఇంజను వెనకాలే, మొహానికి ఎదురుగా నిలువుగా రేడియేటరు పెట్టుకుని, వచ్చిన చుట్టం కూచుంటాడు. తాను కట్టిన ఇంజను తన కంటే ముందు ఇంకొకరిని మోస్తుందన్నమాట. ఆ సీటు కోసమే ఈ యాభై గంటలూ. తన కోసమైతే పది చాలని ఆయనే అన్నాడు.

చట్టం కూడా ఈ తేడాని గమనించింది. ఇలా ఇంట్లో కట్టిన విమానం, ఆమోదం లేని ఇంజనుతో అయితే, మామూలుగా మొదటి నలభై గంటలు ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకుండా ఎగరాలి. ఆ తరవాత ఎక్కించుకున్నా, ప్రయాణికుడికి కనిపించేలా ఒక పలక బిగించాలి. ఇది ఔత్సాహికుడు కట్టిన విమానం, మామూలు విమానాలకి ప్రభుత్వం పెట్టిన భద్రతా నియమాల ప్రకారం వున్నది కాదు, అని దాని తాత్పర్యం. ఆ పలక గురించి వినగానే నాకు సింహాచలం కొండే గుర్తొచ్చింది. నా స్కూటరు వెనక సీటుకి అలాంటి పలక వుంటే మా ఆవిడ ఎక్కేదా? ఎక్కేదేమో కూడా. కాని ఎక్కడం తన నిర్ణయం అయ్యేది. నేను ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్నది మోచేతి చర్మం కాదు, ఆ నిర్ణయం.

ఆగస్టులో బేరింగు పని పూర్తయింది. చప్పుడు మళ్ళీ మొదలైంది, సున్న నుంచి. మేము బయల్దేరే వారానికి ముప్ఫై ఒకటో గంటలో వుంది. ఆ రోజు ఆయన నన్ను చూసి నవ్వుతూ, "వచ్చే వేసవికి వస్తే ముందు సీటు మీది" అన్నాడు. నేనింకా సంతోషించడం పూర్తికాకుండానే, అడక్కుండానే ఇంకో మాట చెప్పాడు. "ఈ చట్రానికి తెలియని సంగతులు మూడున్నాయి. ఇది ఎప్పుడూ ముక్కు పైకెత్తలేదు గనక అప్పుడు పెట్రోలు సరిగ్గా దిగుతుందో లేదో దీనికి తెలియదు. ఇది ఎప్పుడూ మలుపు తిరగలేదు. తిరిగేటప్పుడు ప్రొపెల్లరు క్రాంక్ షాఫ్టుని ఎంత వంచుతుందో తెలియదు. ఇది భూమికి బిగించి వుంది. తేలికపాటి చెక్క ఒంట్లో ఎలా అదురుతుందో తెలియదు. ఆ మూడూ నేను ఒక్కణ్ణీ ఎగిరి తెలుసుకోవాలి. అవి తెలిశాక కూడా తెలియనివి కొన్ని మిగులుతాయి. ఆలోచించుకుని చెప్పండి."

యాభై గంటల లెక్క చూపించి "ఏం భయం లేదు" అని వుంటే నేను ఎక్కేవాణ్ణి కాదు. పరీక్షకి అందని వాటిని వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పిన తరవాత, ఎక్కుతాననే అనుకుంటున్నాను. నమ్మవలసింది ఇంజనుని కాదు. ఇంజను గురించి తనకి తెలిసినదంతా, తెలియనిదంతా చెప్పే మనిషిని.

ఆ రాత్రి పెట్టెలు సర్దుతూ మా ఆవిడకి ఈ మాటంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఎందుకో నోరు జారింది. జారిందో, ఇన్నేళ్ళూ జారడానికే చూస్తోందో.

"ఆ రోజు సింహాచలంలో నువ్వడిగావు చూడు, బ్రేకు సంగతి. నాకు అనుమానం వుంది. మూడోసారి నొక్కినప్పుడు జారింది."

ఆవిడ చీర మడత పెట్టడం ఆపకుండానే అన్నది:

"తెలుసు. కొండ దిగేటప్పుడు మీరు ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకే రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని కూచున్నాను."